మావాణ్ణి దించండి బాబూ

పోయిన వారం సంచికలో టైలరమ్మను అనుమతుల ఆఫీసుకెళ్లే బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. కిందటి గాలివానకు ఆమె ఇంటి పైకప్పు సగం ఎగిరిపోయింది. పాలవ్యాను నడిపే ఆమె మొగుడు ఎవరికోసమూ ఆగకుండా నిచ్చెన వేసుకుని కొత్త రేకులు బిగించడం మొదలుపెట్టాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అనుమతి లేకుండా కప్పు మారుస్తున్నారని తలుపు మీద ఎర్రకాగితం అంటించి పని ఆపించేశాడు. ఆ ఫోన్ చేసింది పక్కనున్న కోళ్లఫారం ఆవిడేనని తీర్మానించుకున్న టైలరమ్మ, బస్టాపులో అందరి ముందూ ఆవిడను నిలువునా కడిగేసింది. ఇప్పుడు సగం ఇల్లు ఆకాశానికి తెరుచుకుని ఉంది. నెమ్ము చేసి ఆసుపత్రి నుంచి ఈమధ్యే ఇంటికొచ్చిన ఆరేళ్ల పిల్ల వంటింట్లో దగ్గుతోంది. ఇవాళ సాయంత్రానికి మరో గాలివాన తప్పదని రేడియో పొద్దుటినుంచీ ఒకటే పోరు పెడుతోంది.

ఆఫీసు తలుపు తోయగానే తడిసిన గొడుగుల వాసన గుప్పుమంది. బల్ల ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఊరవతల ఇళ్ల అనుమతులన్నీ ఇచ్చేది ఈ ఒక్క గదిలోనే. ఒకాయన ఎగిరిపోయి దొరికిన తన రేకుముక్కను సాక్ష్యంగా చంకలో పెట్టుకొచ్చాడు. అది వంకర తిరిగి ముందున్న ముసలాయన వీపును గీరుతోంది.

"బాబూ, నీ ఇల్లు నా వీపుమీద కట్టేలా ఉన్నావు. కాస్త అవతలికి జరుగు" అన్నాడు ముసలాయన.

ఇంకో రోజైతే టైలరమ్మ పడీపడీ నవ్వేది. లారీలకు టార్పాలిన్లు, బండ్లకు సీటు కవర్లు కుడుతూ రోజంతా డ్రైవర్లతో పరాచికాలాడే మనిషి ఆమె. ఆ కుట్టుపని వల్లే ఆమెకా పేరు స్థిరపడిపోయింది. కన్నతల్లి సైతం ఫోన్‌లో 'ఏమే టైలరమ్మా' అనే పిలుస్తుంది. ఇవాళ మాత్రం ఆ నోట్లో తడి లేదు. అందర్నీ తోసుకుంటూ ముందుకెళ్లింది. వెనకనుంచి ఎవరో "లైనుందమ్మా" అన్నారు. "నా ఇంటికి కప్పులేదు, నాకు సిగ్గూ లేదు" అని వెనక్కి చూడకుండానే జవాబిచ్చింది.

ఇన్‌స్పెక్టరు పొడుగాటి మనిషి. బూట్లకు పట్టిన బురద ఎండి పెళ్లలుగా రాలుతోంది. బల్లమీద సగం తిన్న రొట్టె కాగితంలో ఉంది. ఆయన వెనక గోడకు పెద్ద మ్యాపు, దానినిండా గుండుసూదులు. ఊరి దగ్గర పలచగా, ఊరవతల దట్టంగా, తట్టు పోసినట్టు.

"సార్, కాలువ దాటాక కోళ్లఫారం పక్కిల్లు మాది. మీరు ఎర్రకాగితం అంటించారు."

ఆయన తలెత్తి చూశాడు. "గుర్తుంది. మీ ఆయన నిచ్చెనమీంచే నన్ను తిట్టాడు."

"ఆ తిట్లన్నీ ఆయన తరఫున నేను వెనక్కి తీసుకుంటాను సార్. ఆ కాగితం మీరు వెనక్కి తీసుకోండి."

ఆయన మూతి ఒక పక్కకు కొంచెం సాగింది కానీ నవ్వు దాకా రాలేదు. "అమ్మా, కప్పులో నాలుగోవంతు దాటి మారిస్తే అనుమతి తీసుకోవాలి. ఊళ్లో అయినా అంతే, పొలాల్లో అయినా అంతే."

"మా ఇల్లు మేం కప్పుకోవడానికి ఒకళ్లనడగాలని మాకు నిజంగా తెలీదు సార్. మావైపు ఎవరూ అడగలేదు."

"ఎవరూ అడగలేదు కాబట్టే ఆ మ్యాపు అలా ఉంది." ఆయన వెనక్కి తిరక్కుండా బొటనవేలితో గోడ చూపించాడు. "ఆ సూదులన్నీ ఎగిరిన కప్పులే. ఊరవతల ఎవరు చూస్తారులే అని అందరూ అనుకుంటారు. గాలి చూస్తుంది. మీ ఆయన ఉత్త మేకులతో రేకులు కొడుతున్నాడు. కింద వాసాల్ని గోడకు పట్టీలతో కట్టలేదు. ఇవాళ్టి గాలికి ఆ కప్పు మళ్లీ లేస్తుంది. లేచింది మీ పెరట్లోనే పడాలని లేదు. రోడ్డుమీద పోయేవాడి మెడమీద పడితే?"

"అయితే లైసెన్సున్న మేస్త్రీని చూపించండి."

"అందరూ ఊళ్లో పనులు ఒప్పుకున్నారు. మీవైపు రావాలంటే వారాలు పడుతుంది."

టైలరమ్మ రెండు చేతులూ బల్లమీద ఆనించింది. "మేస్త్రీ రాడు. మేం ఎక్కకూడదు. ఆ వాన మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చేస్తుంది సార్. నా పిల్ల ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మళ్లీ తడిస్తే నా పూచీ లేదన్నాడు డాక్టరు. పొడిగా ఉన్నది ఒక్క వంటిల్లు. గాలి అటు తిరిగిందంటే అదీ ఉండదు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి. పిల్లని ఎక్కడ పెట్టను? ఈ బల్లకింద పెట్టి వెళ్లనా?"

రేకుముక్క పట్టుకున్నాయన దాన్ని కిందికి దించి ఆమెకు చోటిచ్చాడు.

ఇన్‌స్పెక్టరు రొట్టెను పక్కకు జరిపి, సొరుగు లాగాడు. "అత్యవసర అనుమతని ఒకటుంది. ఊరికే ఇచ్చేది కాదు. వినండి. రేకు ఒక్కటి కూడా బిగించకూడదు. టార్పాలిన్ మాత్రం కప్పుకుని, దాన్ని పట్టీలతో కట్టుకోవాలి. గాలి తగ్గాక నేనొచ్చి కింద చెక్క ఎలా ఉందో చూసి సరేనంటేనే అసలు పని. ఎక్కే మనిషి నడుముకు తాడు ఉండాలి. లైసెన్సు లేకుండా ఎక్కే మనిషి ఆ ఇంటి యజమాని అయ్యుండాలి. మీ బావమరిదో కూలీనో ఎక్కితే నేను ఊరుకోను. ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"ఇద్దరి పేరునా ఉంది సార్."

ఆయన రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, "ఇది మీ పేరున ఇస్తున్నాను. ఆయన పేరు రాయడం లేదు" అన్నాడు.

"ఆయన్ది ఎందుకు రాయరు? తిట్టాడనా?"

"తిట్లకేముందమ్మా, నా ఉద్యోగంలో అవి జీతంతోపాటే వస్తాయి. ఫోన్ చేసినావిడ మాటకు ఆమాత్రం విలువివ్వాలి కదా."

టైలరమ్మకు ఒళ్లు మండింది. "ఆ కోళ్లఫారం ఆవిడ మాటకా మీరు విలువిచ్చేది?"

"ఎవరన్నది నేను చెప్పను. చెప్పకూడదు." ఆయన కలం కదులుతూనే ఉంది. రోజంతా జనంతో మాట్లాడి అలిసిపోయిన మనిషి, నోటికి అడ్డు మరిచిపోయాడు. "కానీ నేను చాలా ఫిర్యాదులు విన్నాను. ఇలాంటిది వినలేదు. అనుమతి ఉందా లేదా అని కూడా ఆవిడ అడగలేదు. ఏడుస్తూ ఒకటే మాట. 'మావాణ్ణి దించండి బాబూ, ముందు మావాణ్ణి కిందికి దించండి' అని."

కలం ఆగిపోయింది. అన్న మాట వెనక్కి రాదని ఆయన మొహం చెబుతూనే ఉంది. కాగితం చింపి ఆమె చేతిలో పెట్టి, గబగబా లేచి మూలనున్న గోనెసంచీలోంచి గుప్పెడు ఇనపపట్టీలు తీసి ఇచ్చాడు. "వెళ్లండమ్మా. వాన మొదలైతే ఎక్కకండి" అని ఆమె మొహం చూడకుండానే వెనకాయన్ని పిలిచాడు.

తిరుగుబస్సులో ఆమెకు సీటు దొరికింది కానీ కూర్చోలేకపోయింది. పట్టీల సంచీ కాళ్ల దగ్గర గలగలమంటోంది. మావాడు. మావాణ్ణి. ఆ మాటను నోట్లో ఎన్నిసార్లు తిప్పినా రుచి మారలేదు. కోళ్లఫారం ఆవిడకు అతను 'వ్యాను అబ్బాయి'. పాలకేంద్రంలో 'డ్రైవరు'. ఆమెకు 'ఏవండీ', పిల్లకు 'నాన్న'. లోకం మొత్తంలో అతన్ని 'మావాడు' అనే గొంతు ఒక్కటే. ఆ గొంతు పొద్దున ఆమె బయల్దేరుతుంటే, "గొడుగు మరిచిపోకమ్మాయ్" అంది.

అత్తయ్య.

కన్నకొడుకు ఇంటిమీద సర్కారుకు ఫిర్యాదు! టైలరమ్మకు ముందు నమ్మకం కలగలేదు. నమ్మకం కలిగాక కోపం వచ్చింది. కోపం వెనకే సిగ్గు వచ్చి దాన్ని తోసేసి ముందు నిలబడింది. బస్టాపులో కోళ్లఫారం ఆవిడను ఏమందీ? 'నీ కోళ్లకున్నంత మనసు కూడా నీకు లేదు' అంది. అంటుంటే అత్తయ్య పక్కనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా, నేలవైపు చూస్తూ ఉంది.

కిటికీ అవతల మబ్బు తారులా నల్లగా పేరుకుంటోంది. చెట్ల ఆకులన్నీ వెనక్కి తిరిగి తెల్లటి అడుగులు చూపిస్తున్నాయి.

బస్సు దిగి ఇంటికి దాదాపు పరిగెత్తింది. దూరంనుంచి చూస్తే ఆ ఇల్లు తలకు సగం గుండు కొట్టి మిగతా సగం మరిచిపోయినట్టుంది. ఒక పక్క పాత రేకులు, మధ్యలో మొగుడు బిగించి వదిలేసిన కొత్తవి నాలుగు, ఆ పక్కన ఉత్త వాసాలు. తలుపుమీద ఎర్రకాగితం ఒక మూల ఊడి గాలికి టపటపా కొట్టుకుంటోంది. లోపల పడగ్గదిలో మంచాన్ని గోడకు నిలబెట్టి, బీరువాకు ప్లాస్టిక్ పట్టా చుట్టారు. పైకి చూస్తే మబ్బు.

వంటింట్లో పిల్ల బల్లకింద దుప్పటి పరుచుకుని, గుండీల డబ్బా బోర్లించి రంగులవారీగా వేరుచేస్తోంది. మధ్యమధ్య దగ్గు. అత్తయ్య స్టవ్వు పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఆయనేరి?" అంది టైలరమ్మ.

"పాలు దింపి వస్తానన్నాడు. రావాల్సిన వేళ దాటింది. పనేమయిందమ్మాయ్?"

"అయింది." ఆమె సంచీ కిందపెట్టింది. తలుపు చేరవేసింది. "అత్తయ్యా, ఫోన్ చేసింది మీరేనా?"

"ఏ ఫోను?"

"మావాణ్ణి దించండి బాబూ, అన్నారట."

ముసలామె చేతిలో పిల్ల గౌను సగం మడతలో ఆగిపోయింది. "ఆ బాబు చెప్పనన్నాడే" అంది అమాయకంగా. అన్నాక తనే నాలిక కరుచుకుంది.

టైలరమ్మ ఆమె చేతిలోంచి గౌను లాగేసింది. "ఇంటిమీద కప్పుంటే పిల్ల బతుకుతుందని నేను కంటిమీద కునుకు లేకుండా చస్తుంటే, వేస్తున్న కప్పును మీరే ఆపించారా? ఆ కోళ్లఫారం ఆవిడను నేను నలుగురిలో నానా మాటలూ అంటుంటే విన్నారు కదా. పక్కనే నిలబడి విన్నారు. నోరెలా మూసుకున్నారు అత్తయ్యా? ఈ ఇంట్లో మనిషేనా మీరు?"

"తిట్టు. ఎంత తిట్టినా పడతాను. వాడు మాత్రం పైకెక్కకూడదు."

"ఏం? ఎందుకెక్కకూడదు?"

"అడక్కమ్మాయ్. ఒట్టేయించుకున్నాడు. చిన్నదాని నెత్తిమీద చెయ్యి పెట్టించి మరీ."

బల్లకింద గుండీల చప్పుడు ఆగింది. దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఒట్టేసింది నానమ్మ. నేను కాదు" అంది పిల్ల. "నేను చెప్పొచ్చు కదా? నాన్నకి అప్పుడప్పుడు కళ్లు ఆరిపోతాయమ్మా. కరెంటు పోయినట్టు. మళ్లీ వచ్చేస్తాయి."

స్టవ్వుమీద నీళ్లు మరిగి మూత కొట్టుకుంటుంటే టైలరమ్మే వెళ్లి స్టవ్వు కట్టేసింది. అది తప్ప ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

"నువ్వెలా చూశావమ్మా?" అని అడిగింది చివరికి.

"నా గౌనుకి గుండీ పెడుతుంటే ఆరిపోయాయి. నా ముక్కు పట్టుకుని గుండీ అనుకున్నాడు" అని పిల్ల నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి జారిపోయింది. నానమ్మ లేచి వచ్చి దాని వీపు రాసింది. రాస్తూనే, కోడలివైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. ఒకసారి గట్టు తెగాక ఆ మాటలు ఆగలేదు.

"ముందు టీ పోస్తూ కప్పు పక్కన పోశాడు. పరధ్యానం అనుకున్నాను. తర్వాతొకరోజు గుమ్మంలో నిలబడి, పగలు పన్నెండింటికి, లైటెయ్యమ్మా అన్నాడు. నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. కాసేపుండి, ఏంలేదు పోయింది, అని చక్కా వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు. డాక్టరు దగ్గరికి పదరా అంటే, చూపు సంగతి తెలిస్తే లైసెన్సు లాగేస్తారు, ఆ వ్యాను తప్ప నాకేం వచ్చమ్మా, అని ఏడ్చాడు. నా మీసాల కొడుకు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

"మరి బండెలా నడుపుతున్నాడు?" అంది టైలరమ్మ.

"వచ్చేముందు చెవుల్లో హోరు పెడుతుందట. పక్కకి ఆపేసుకుని కూర్చుంటాడట. ఈమధ్య పాలు ఆలస్యంగా దిగుతున్నాయని కేంద్రంవాళ్లు గొడవపెట్టుకోవడం లేదూ? అందుకే."

"నిచ్చెనమీద హోరొస్తే?"

అత్తయ్య మొహం ముడుచుకుపోయింది. "వచ్చింది. ఆ ఫోన్ చేసిన రోజే వచ్చింది. వాసంమీద బల్లిలా కరుచుకుపోయి పడుకున్నాడు. 'అమ్మా, మాట్లాడుతూ ఉండవే, నీ గొంతు ఎటుందో అటు దిగుతాను' అన్నాడు. ఏం మాట్లాడతాం తల్లీ అలాంటప్పుడు? కూరగాయల పేర్లన్నీ చదివాను. అవైపోతే చుట్టాల పేర్లు చదివాను. ఎప్పటికో కాలికి నిచ్చెన తగిలింది. దిగాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ ఎక్కాడు!"

"నాకు చెప్పొచ్చు కదా."

"నీకు చెప్తే నువ్వు వద్దంటావు. వాడు నా మాట వినడు, నీ మాట అసలే వినడు. మరి వాణ్ణి ఆపేవాడెవడా అని చూస్తే, నాకు సర్కారు తప్ప ఎవరూ కనబళ్లేదమ్మాయ్. ఎర్రకాగితం అంటిస్తుంటే ఆ బాబు కాళ్లకి దండం పెట్టాలనిపించింది. కప్పు సంగతి ఆలోచించలేదు. చిన్నదాని సంగతి ఆలోచించలేదు. నా కొడుకు నేలమీద ఉన్నాడు, అంతే. పాపమంటే పాపమే. వేసుకుంటాను నెత్తిమీద."

టైలరమ్మ నేలమీద చతికిలబడింది. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఆమె కళ్లముందు ఒకటే: రోజూ తెల్లారకముందే వీధిలైటు కింద వ్యానులోంచి బయటికొచ్చి ఊగే చెయ్యి. ఆ చెయ్యి ఊపినవాడికి తను గుమ్మంలో కనబడేదో లేదో!

గాలి పెరిగింది. పడగ్గదిలో ప్లాస్టిక్ పట్టా ఉబ్బి దభీమని గోడను కొట్టింది. ఆ చప్పుడుకు ఆమె లేచి నిలబడింది.

"అనుమతి నా పేరున ఇచ్చారు అత్తయ్యా. ఆయన ఎక్కడు. నేనెక్కుతాను."

"నువ్వా!"

"లారీ లోడుమీదెక్కి టార్పాలిన్ కట్టి చూపించనిదే ఏ డ్రైవరూ నా దగ్గర తీసుకోడు. ఇల్లయితే ఏం, కనీసం కదలకుండా ఉంటుంది. గడవలసింది ఈ ఒక్క రాత్రి. రేపు ఆయన్ని నేనే డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోతాను. లైసెన్సు పోతే పోయింది." దుప్పటి తీసి పిల్లకు చుట్టి ముడి వేసింది. "ముందు దీన్ని తడవని చోట పెట్టాలి. మీరు తాడు తీసి ఉంచండి."

తడవని చోటు ఆ చుట్టుపక్కల ఒకటే ఉంది.

కోళ్లఫారం ఆవిడ షెడ్డు తెరలు దించి తాళ్లు కడుతోంది. టైలరమ్మను చూసి చేతులాపింది కానీ పలకరించలేదు. దుప్పట్లో పిల్ల దగ్గింది.

"పిన్నిగారూ, ఆరోజు నేను... ఫోన్ చేసింది మీరు కాదని ఇప్పుడే తెలిసింది. నేనన్న మాటలకి..."

"ముందు పిల్లనిటివ్వు." ఆవిడ చేతులు చాచి అందుకుంది. దుప్పటి అంచు పిల్ల చెవులమీదికి లాగింది. "మాటల సంగతి తర్వాత తీరిగ్గా కూర్చుని చూసుకుందాం. నేనూ కొన్ని దాచుకున్నాను నీకోసం."

టైలరమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరగబోతుంటే ఆవిడే పిలిచింది.

"అమ్మాయ్, మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా? ఇందాక వ్యాను రోడ్డుమీంచి కాదు, మా కంచెలోంచి వచ్చింది. కోళ్లన్నీ గగ్గోలు. నేను పరిగెత్తేసరికి దిగి నిలబడ్డాడు. 'బ్రేకు జారింది పిన్నీ, కంచె నేను వేయిస్తాను' అన్నాడు. అంటున్నది నాతో కాదు, మా నీళ్లడ్రమ్ముతో. తాగాడేమో అనుకున్నాను. కంచె పట్టుకుని తడుముకుంటూ మీ పెరడువైపు పోయాడు."

అప్పుడు చూసింది టైలరమ్మ. షెడ్డు వెనక, విరిగిన కంచె కర్రల మధ్య, వ్యాను ఒక పక్కకి ఒరిగి ఉంది. వెనకతలుపు తెరుచుకుని డబ్బా ఒకటి దొర్లిపడింది. బురదలో పాలు తెల్లగా పారుతున్నాయి. దాన్ని చూస్తుండగానే ఇంటివైపునుంచి చప్పుడు వినిపించింది.

ఠంగ్. ఠంగ్. రేకుమీద సుత్తి.

ఎలా పరిగెత్తిందో ఆమెకు తెలీదు. పెరట్లో నిచ్చెన వాసానికి ఆనించి ఉంది. దాని మొదట్లో అత్తయ్య. రెండు చేతులతోనూ నిచ్చెనను కావలించుకుని, పైకి చూస్తూ ఏడుస్తోంది. "నేను తాడు కోసం లోపలికెళ్లాను, ఇంతలోనే ఎక్కేశాడమ్మాయ్. పిలిస్తే పలకడం లేదు. గాలి నా మాట ఎత్తుకుపోతోంది."

"ఏవండీ!" టైలరమ్మ గొంతు చించుకుంది. "దిగండి! అనుమతొచ్చింది! ఏవండీ!"

ఠంగ్. ఠంగ్.

టైలరమ్మ అత్తయ్య కాళ్ల దగ్గర పడున్న తాడు తీసి నడుముకు చుట్టి రెండో కొస గోడ పక్కనున్న ఇనపస్తంభానికి కట్టేసింది. నిచ్చెన ఎక్కుతుంటే చీర కాళ్లకు అడ్డంపడింది. దోపుకుంది. చూరు దాటి తల పైకొచ్చేసరికి గాలి మొహంమీద చరిచింది. మొదటి చినుకులు రేకులమీద గులకరాళ్లలా పడుతున్నాయి.

అతను ఉత్త వాసాలమీద అప్పుడే పరిచిన మరో కొత్తరేకుమీద మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేత్తో మేకు నిలబెట్టాడు. కుడిచేత్తో సుత్తి ఎత్తాడు. దెబ్బ మేకుకు జానెడవతల పడింది. మళ్లీ ఎత్తాడు. ఇంకా అవతల పడింది. రేకునిండా సొట్టలు. ఒక్క మేకూ దిగలేదు. ఎడమచేతి బొటనవేలు చితికి, మణికట్టు మీదుగా రక్తం కారుతోంది. అదేమీ పట్టనట్టు పళ్లు బిగించి కొడుతూనే ఉన్నాడు.

ఆమె పొట్టమీద పాకుతూ వెళ్లింది. కిందనుంచి అత్తయ్య ఏదో అరుస్తోంది. రేకు కిర్రుమంది. ఆ చప్పుడుకు అతను సుత్తి ఆపి తలెత్తాడు. ఆమె మొహం అతని మొహానికి చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది. నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు. పరాయివాళ్లను చూసినప్పుడు నవ్వే మర్యాద నవ్వొకటి నవ్వాడు.

"ఎవరండీ? ఇన్‌స్పెక్టరుగారా? వచ్చేశారా సార్... ఆరోజు నోరుజారాను, మనసులో పెట్టుకోకండి. కాసేపు, ఒక్క కాసేపు ఆగండి. చినుకులు పడుతున్నాయి, పిల్ల తడుస్తుంది. మా ఆవిడ వచ్చేలోపు ముగించేస్తాను." అతను గొంతు తగ్గించాడు. "మీకు పుణ్యముంటుంది సార్. నాకు కనబడ్డం లేదని ఆవిడకి మాత్రం చెప్పకండి. ఈసారి ఎందుకో... చూపు మళ్లీ రాలేదు."

ఆమె నోరు తెరిచింది. మాట్లాడితే తానేనని తెలుస్తుంది. తెలిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడి ఎటు జరిగినా అటు చూరే. ఊపిరి బిగబట్టి, అతని మణికట్టుకోసం చెయ్యి చాచింది.

సరిగ్గా అప్పుడే గాలి దిక్కు మార్చుకుంది. ఒక్క మేకూ పట్టని ఆ రేకు, అతను మోకాళ్లూనిన ఆ రేకు, అంచు దగ్గర నెమ్మదిగా పైకి లేచింది.